మైకమ్మ పెట్టెలకు వేసిన రంగు

బస్టాండులో ఆమెను చూసినవాళ్లు తక్కువ. విన్నవాళ్లు మాత్రం వేలమంది. విన్నారనడం కూడా పూర్తిగా నిజం కాదు. విచారణ గది వెనక, ఫ్యానుకు తప్ప మనిషికి చోటు లేని అరలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆమె ఎంత విడమరిచి చెప్పినా, స్తంభాలకు వేలాడే రేకు హారన్లలోంచి బయటపడేసరికి ఆ మాటలు తుమ్ముకూ దగ్గుకూ మధ్యరకంగా ఉండేవి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని విచారణ కిటికీ దగ్గరికి పరిగెత్తేవారు. ఆ పరుగులోనే బస్సు కాస్తా వెళ్లిపోయేది.

"నోట్లో వక్క పెట్టుకుని చదువుతారా ఏంటి మైకమ్మా?" అన్నాడొక కండక్టరు నవ్వుతూ. అందరూ ఆమెను మైకమ్మ అనే పిలిచేవారు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ వెళ్తూ ప్లైవుడ్ కొట్టు ముందు ఆగింది.

వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడు. టంకం పెట్టడం ఆమెకు అక్షరాలతో పాటే వచ్చింది. పెళ్లయ్యాక ఆ సరంజామా అంతా అటక ఎక్కింది గాని, చేతులు దాన్ని మర్చిపోలేదు. రెండు నెలలు సెలవురోజులన్నీ పెరట్లో రంపంతోనే గడిచాయి. చివరికి నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు తయారయ్యాయి. ఒకదాన్ని వంటింట్లో పెట్టి, తను వీధి గదిలో మైకు పట్టుకుని బస్సుల వేళలు చదివింది.

"అన్నీ వినిపిస్తున్నాయే కోడలా! ఇన్నాళ్లూ ఆ బస్టాండులో అరిచేది నువ్వంటే నమ్మకం కుదరలేదు," అంది అత్తగారు కూరగాయలు తరుగుతూ.

పెట్టెను బస్టాండుకు తెస్తే మేనేజరు కూడా విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఇంకా రంగు వేయని చెక్కను వేలితో తట్టాడు.

"మాట బాగుందమ్మా. కానీ ఇది బస్టాండు. జనం వీటిని ఆనుకుంటారు, పైన సంచులు పెడతారు, పిల్లలు తాళంచెవులతో గీస్తారు. తెల్లారితే మనవాళ్లే పైపు పెట్టి నీళ్లు కొడతారు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఈ వానాకాలం చూద్దాం. తట్టుకుంటే అన్ని ప్లాట్‌ఫారాలకూ ఇవే. చెక్క ఉబ్బినా, రంగు పెచ్చులు లేచినా మీ పెట్టెలు మీ ఇంటికి, మా హారన్లు మా స్తంభాలకు. సరేనా?"

అలా సంగతంతా రంగు దగ్గరికి వచ్చి ఆగింది.

రంగు అంటే ఆ ఇంట్లో ఆమె భర్తదే మాట. ఆయన డిపోలో బస్సులకు రంగులు వేసే షెడ్డులో పనిచేస్తాడు. అయినా ఆమె రంగుల కొట్టుకు వెళ్లి, కొట్టాయన చెప్పిందంతా విని, మిగిలిన ప్లైవుడ్ ముక్కల మీద రెండు రకాలు వేసి ఆరబెట్టింది. ఒకటి ఎనామిల్, అద్దంలా మెరిసింది. రెండోది రెండు డబ్బాల సరుకు. రంగులో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి, రోలరుతో దొర్లిస్తే గరుకుగా ఆరుతుంది.

అత్తగారు గరుకు ముక్కను తడిమి చూసి, "ఒళ్లంతా దద్దుర్లు లేచినట్టుందేమే దీనికి!" అంది.

ఆయన రెండింటినీ మేకుతో గీసి చూశాడు. ఎనామిల్ మీద సన్నటి గీత పడింది. గరుకుదాని మీద ఏదీ కనబడలేదు.

"కనబడకపోతే పడనట్టా?" అన్నాడు ఆయన. "ఇన్నేళ్లుగా బస్సులకు నేను వేసేది ఎనామిలే. ఎండలో ఉంటాయి, వానలో తడుస్తాయి, రోజూ కడుగుతారు. ఎప్పుడైనా పెచ్చు లేచిందని విన్నావా? పెట్టె కూడా నలుగురూ చూసేలా ఉండాలి కదా."

ఆమెకు మనసులో గరుకుదే నచ్చింది. కానీ ఆయన అప్పటికే బ్రష్షులు నానబెట్టేశాడు. ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి మనసు రాలేదు.

ఆయన పనిలో వంక పెట్టడానికేమీ లేదు. అంచులకు లప్పం పెట్టాడు, నీళ్లలో ముంచిన గరుకు కాగితంతో రుద్దాడు, పూత మీద పూత వేశాడు. వేలితో తాకితే అంటకుండా ఆరాక, ఇల్లు ఇరుకు కాబట్టి ఒక పెట్టె మీద ఇంకొకటి ఎక్కించి, పాత దుప్పటి కప్పాడు.

తీసుకెళ్లాల్సిన రోజున ఆటో గుమ్మం ముందుకు వచ్చింది. ఆయన పై పెట్టెను పట్టుకుని లేపాడు. దాంతో పాటు కిందిది కూడా లేచింది. ఆటో డ్రైవరు కిందిదాన్ని పట్టుకుని గుంజాడు. గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. పెట్టెలు విడిపోయాయి. కిందిదాని నెత్తిన రెండు అరచేతులంత మేర చెక్క బయటపడింది. ఆ రంగంతా పైదాని అడుగున అట్టలు కట్టి ఉంది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఒరేయ్, బస్సు మీద బస్సు ఎవడైనా పెడతాడుట్రా?" అంది అత్తగారు.

ఆటో డ్రైవరు ఫక్కున నవ్వి, ఆయన మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. ఆయన చొక్కా తగిలించుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా డిపోకి వెళ్లిపోయాడు.

ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. "వానలు పట్టేలోగా తెస్తే చూద్దాం. లేదంటే ఈ ఏటికి వదిలేద్దామమ్మా," అన్నాడు మేనేజరు. ఆకాశం అప్పటికే ఒకవైపు నల్లబడుతోంది.

సాయంత్రం భర్త పెరట్లో కూర్చుని పెట్టెలను గీకుతున్నాడు. ఆమె పక్కనే పీట వేసుకుని ఇంకో గరుకు కాగితం తీసుకుంది.

"ఎనామిల్ పైపైనే ఆరుతుందట. లోపల చాలా రోజులు మెత్తగానే ఉంటుందట. బరువు పడితే అంటుకుంటుంది," అంది మెల్లగా. "రెండు డబ్బాలది లోపలి నుంచీ గట్టిపడుతుందని చెప్పాడు కొట్టాయన."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటారనిపించలేదు."

ఆయన గీకడం ఆపాడు. "ఊరందరికీ వినబడేలా చెప్తావు. నాకు చెప్పడానికేం?"

"అప్పుడు చేతిలో మైకు లేదుగా," అంది.

ఆయనకు నవ్వు రాకూడదనే ఉంది. వచ్చేసింది. "ఈసారి ముందు ముక్కల మీదే చూద్దాం. బరువు పెట్టి మరీ చూద్దాం," అన్నాడు.

రెండు గరుకు ముక్కలను రంగు మొహాలు కలిపి అత్తగారి మంచం కోడు కింద పెట్టారు. విషయం తెలిశాక ఆవిడ, "నన్ను తూకం రాయిని చేశారన్నమాట!" అని గోల చేసింది. అయినా ఆ రెండు రోజులూ మంచం దిగకుండా, అన్నీ అక్కడికే తెప్పించుకుని, పరీక్షకు తన వంతు సాయం చేసింది. ముక్కలు తీసి చూస్తే, దేనికది విడిగా వచ్చింది.

రోలరు పట్టడం ఆయనకు అలవాటు లేదు. బ్రష్షులా ఒత్తుతుంటే ఆమె, "అలా తోమకండి, దొర్లించండి," అనేది. కిటికీలన్నీ తీసి ఉంచినా కళ్లు మండేవి. పెట్టెలు పక్కపక్కన నిలబడి ఆరినన్నాళ్లూ ఆ ఇంటివాళ్లు గోడల వెంట ఒరుసుకుంటూ నడిచారు. వానల కంటే ముందే పెట్టెలు బస్టాండు చేరాయి.

ఆ ఏడు వానలు జోరుగానే పడ్డాయి. తడి గొడుగులు, గోనెసంచులు, చిప్స్ పొట్లాలు, నిద్రపోయేవాళ్ల తలలు, అన్నిటికీ ఆ పెట్టెలే ఆధారమయ్యాయి. ఆమె రోజూ డ్యూటీ ఎక్కేముందు అంచులు తడిమి చూసుకునేది. ఒక మూల తోపుడుబండి తగిలి సొట్ట పడింది గాని, రంగు లేవలేదు.

వానలు వెలిశాక మేనేజరు వచ్చి పెట్టెల చుట్టూ తిరిగాడు. గోటితో గీకాడు. వంగి అడుగు చూశాడు. ఆమె భర్త కూడా చేతులు తుడుచుకుంటూ షెడ్డు నుంచి వచ్చాడు.

"పైది ఒకసారి తీయండి. మధ్యలో ఎలా ఉందో చూద్దాం."

సరిగ్గా అప్పుడే ఆరో ప్లాట్‌ఫారం మీదికి బస్సు వచ్చింది. ఆమె ఆగడానికి లేదు. భర్త పెట్టె మీద చేతులు వేయడం మాత్రం చూసి, అరలోకి వెళ్లి ఊళ్ల పేర్లు చదివింది. చదువుతుంటే బయట నవ్వులు వినబడ్డాయి. పని చెడిందనే అనుకుంది. మైకు ఆపి గబగబా బయటికి వచ్చింది.

ఆయన పై పెట్టెను గుండెలకు ఆనించి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. వైర్లు ఇంకా తగిలించే ఉన్నాయి; ఆమె చదివిన ఊళ్ల పేర్లన్నీ ఆయన చేతుల్లోంచే వినిపించాయన్నమాట. కిందిదాని నెత్తి మీద దుమ్ము తప్ప మరేమీ లేదు. ఒక పెద్దాయన సంచి భుజాన వేసుకుని ఆరో నంబరు వైపు నడుస్తూ వెనక్కి తిరిగి, "మీ పొట్ట భలే స్పష్టంగా మాట్లాడిందండీ!" అన్నాడు.

"దించవయ్యా, చేతులు పడిపోగలవు," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "మిగతా ప్లాట్‌ఫారాల పెట్టెలకు కూడా నువ్వేగా రంగు వేయాల్సింది."

ఆయన పెట్టె దించాడు. నుదురు తుడుచుకుంటూ ఆమె వైపు చూసి, "హార్డెనర్ ఎంత కలపాలో ఇంకోసారి చెప్పు," అన్నాడు.