రెండో ముద్ద

మా మేనమామ పోయిన వార్త నాకు ఒక హోటల్ వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. మామ ఫొటో, పక్కన దీపం బొమ్మ, కింద గుజరాతీలో ‘పార్సిల్ సౌకర్యం ఉంది’. అత్తమ్మ ఫోన్ ఆ తర్వాత వచ్చింది. ఆసుపత్రి నుంచి కబురు అంది, ఆమె ఏడుపు ఆపుకుని నా నంబరు నొక్కేలోపే, గల్లీ గ్రూపులోంచి వార్త హోటల్ దాకా పాకి, దీపం కూడా వెలిగిపోయింది. కరోనా రెండోసారి సూరత్ మీద పడ్డ రోజులవి. పోయిన మనిషి ముఖం చూడనివ్వలేదు గానీ ప్రచారానికి ఏ అడ్డూ లేదు.

మామ రాతలు మీలో కొందరు చదివే ఉంటారు. ఒక తెలుగు వారపత్రికలో చాలా ఏళ్లు తిండి గురించి రాశాడు. మా తాత పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్‌లు నడిపాడు. అక్కడి ఖటోదరా పేటలో ఆ మగ్గాల చప్పుడులో పెరిగిన మామ చీరల కంపెనీలో సేల్స్ ఉద్యోగం చేశాడు. కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడ తిన్నాడు, తిన్నది రాశాడు. పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే. మొదటి ముద్ద తిని, జేబురుమాలుతో మూతి ఇటూ అటూ తుడుచుకుని, కాసేపు ఊరుకునేవాడు. రెండో ముద్ద తిన్నాకే నోరు విప్పేవాడు. చిన్నప్పుడు నన్ను సూరత్ లోచో తినిపించడానికి తీసుకుపోతే, ఆవిరి మీద ఉడికిన వేడివేడి శనగపిండి నోట్లో పడగానే “మస్తుంది మామా!” అని ఎగిరాను.

“జర ఆగు బిడ్డా. మూతి తుడుచుకో” అన్నాడు. “మొదటి ముద్ద ఆకలిది. దాని మాట నమ్మొద్దు. రెండోది మనది.”

బట్టల ప్రదర్శన కోసం కంపెనీ ఆయన్ని ఇంగ్లండ్ పంపింది. వెంట వెళ్లినవాళ్లు పప్పూ రోటీ దొరికే చోటు వెతుక్కుంటుంటే, మామ తెల్లవాళ్లు ఏం తింటారో చూద్దామని సందుల్లో దూరాడు. లండన్‌లో పాములాంటి చేపను చల్లటి జెల్లీలో పెట్టి ఇస్తే తిన్నాడు. రెండో ముద్ద తర్వాత కూడా ఏం చెప్పాలో తెలియలేదని నిజాయితీగా రాశాడు. ఒక టిఫిన్ హోటల్లో నల్లటి ముక్క వడ్డించి, అది పంది నెత్తురుతో చేసిందని చెప్పడానికి అక్కడి మనిషి మొహమాటపడుతుంటే మామ నవ్వాడట. మా అమ్మమ్మ మేక నెత్తురుతో నల్ల వండేది. ‘మా అమ్మ ఉల్లిగడ్డ ఎక్కువేస్తది, అంతే తేడా’ అని ఆయనకు చెప్పి, ఇంకో ముక్క అడిగి తిన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో వేయించిన చేప, ఆలుగడ్డ ముక్కలు పొట్లం కట్టిచ్చారు. దుకాణంలో ఆమె అడగకుండానే దాని మీద వెనిగర్ కుమ్మరించింది. మా ఇళ్లలో దాన్ని సిర్కా అంటాం. ఉల్లిగడ్డల్లో నాలుగు చుక్కలు పడితే ఎక్కువ. మామ మొదటి ముక్క తిని మూతి తుడుచుకుంటుండగా సముద్రపు పక్షి ఒకటి దూకి చేపను ఎత్తుకుపోయింది. ‘మాలో మనిషి పోయిన మూడో నాడు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. పిట్ట ముడితే పోయినవాడికి తృప్తి. నాకు బతికుండగానే ముట్టింది’ అని రాశాడు. సిర్కా మీద మాత్రం జాలి చూపలేదు. దాని వాసనకు పారిపోని పక్షి ఆ దేశంలోనే ఉంటుందన్నాడు. మా గల్లీ అంతా పడీపడీ నవ్వింది.

మొదటి కరోనాలో మామకు జ్వరం తొందరగానే తగ్గింది. రుచీ వాసనా మాత్రం పోయినవి పోయినట్టే. చుట్టుపక్కల అందరికీ తిరిగొచ్చాయి, ఈయనకు రాలేదు. ఊళ్లో ఇన్ని నాలుకలుండగా ఆ జబ్బుకు మా మామ నాలుకే కావలసివచ్చింది. రోజూ అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద తినేవాడు, మూతి తుడుచుకునేవాడు, ఆగేవాడు. రెండోది నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

“ఏమన్న తెలుస్తుందా?” అని అత్తమ్మ అడిగేది.

మామ తల అడ్డంగా ఊపి, మిగతా అన్నం మందు మింగినట్టు మింగేవాడు. ఆ పూట ఎవరికీ తిన్నది ఒంటికి పట్టేది కాదు.

ఒకరోజు ఉల్లిగడ్డల్లో సిర్కా ఎక్కువ పడింది. మామ ఉలిక్కిపడ్డాడు. “కుట్టింది! నాలుక మీద ఏందో కుట్టింది!” అని పిల్లాడిలా అరిచాడు. అది రుచి కాదు, మంట అని డాక్టరు ఫోన్‌లో తేల్చేశాడు. “మంటైతే ఏంది సార్, ఏదో ఒకటి వచ్చింది గద” అన్నాడు మామ. ఆ రోజు నుంచి అత్తమ్మ ఆలుగడ్డలు వేయించడం, ఆయన వాటి మీద సిర్కా పోసుకోవడం. అంతగా వెక్కిరించినదే చివరికి దిక్కయింది.

ఈ సంగతంతా దాచకుండా రాసి పంపాడు. ఎడిటర్ ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో విన్నాను. “చదివితే నోరూరాలి గానీ ఈ ఏడుపు ఎవరికండీ? ఊళ్లో హోటళ్లు పార్సిళ్లు మొదలుపెట్టాయి, వాటి గురించి నాలుగు మంచి మాటలు రాయండి. మీకు రుచి తెలియట్లేదని ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తది” అని మామ ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆ పేజీ ఇంకెవరికో ఇచ్చారు. ఆయన వ్యాసాలకు ఫ్రేములు కట్టి గోడలకు తగిలించుకున్న హోటళ్లవాళ్లు కూడా పలకరించడం మానేశారు. రుచి తెలియని రచయితతో వాళ్లకేం పని? నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

రెండోసారి వచ్చిన కరోనా మామను తీసుకుపోయిన మూడో నాడు, నదికి వెళ్లే వీలు లేక డాబా మీదే పిట్టకు పెట్టాం. మటన్, నల్ల, ఘారీ మిఠాయి, లోచో అన్నీ విస్తరిలో పెట్టాం. స్టేటస్‌లో దీపం పెట్టిన హోటలాయన కూడా మాస్కుతో పార్సిల్ తెచ్చాడు. తన వంటకాన్ని విస్తరి మధ్యలోకి జరిపి, పిట్ట ముడితే వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పవర్‌లూమ్‌లు ఆగిపోయి ఊరంతా నిశ్శబ్దం. ట్యాంకు మీద కాకి కూర్చుంది గానీ దిగలేదు. ఎండ ముదిరింది.

“ఏం కోరిక మిగిలిందో” అన్నారు బంధువులు.

నేను కిందికి వెళ్లి ఆలుగడ్డలు కోసి, వేయించి, సిర్కా పోసి తెచ్చాను.

“సిర్కనా? పిట్ట ముట్టది బిడ్డా” అంది అత్తమ్మ.

“మామకు అదొక్కటే తెలిసింది గదా అత్తమ్మా” అన్నాను. ఆమె తనే ఆ ముక్కలు విస్తరిలో పెట్టింది.

కాకి దిగింది. అన్నిటినీ తప్పించుకుని వచ్చి ఒక ఆలుగడ్డ ముక్క మింగింది. పిట్టగోడ మీదికి ఎగిరి, ముక్కును సిమెంటుకు ఇటొకసారి, అటొకసారి రుద్దుకుంది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“హో గయా, చలో” అంటూ హోటలాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అందరూ లేచారు.

“కూసోండ్రి” అన్నాను, గొంతు లేచింది. “ఇంకా ఒకటే ముద్ద తిన్నది.”

కాకి పిట్టగోడ మీద కదలకుండా విస్తరి వైపే చూస్తోంది.