కుడి భుజం మీద పైట

పాత కాగితం కనిపిస్తే చాలు, కంప్యూటర్లోకి ఎక్కించేస్తే ఇక దానికి చావు లేదని అందరూ నమ్మిన రోజులవి. అందరికంటే గట్టిగా నేను నమ్మాను. ఎందుకంటే నాకు ఉద్యోగం ఇచ్చింది ఆ నమ్మకమే. చరిత్రలో ఎమ్మే చేసి, శ్రీకాకుళంలో రెండేళ్ళు ఏ పనీ లేకుండా తిరిగినవాడికి "డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టు అసిస్టెంట్" అనే పదవి దొరికితే మెడ ఎంత నిటారుగా నిలబడుతుందో మీరే ఊహించుకోండి. (ఆ మెడలో గుర్తింపు కార్డు కూడా వేలాడేది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప దాన్ని తీసేవాణ్ణి కాదని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది.)

పని మా ఊళ్ళోనే. నౌపడకి కాస్త ఇవతల, ఉప్పుమడులకి ఆనుకుని మా బాప్టిస్టు చర్చి, దాని పక్కనే ఒకప్పటి మిషన్ ఆసుపత్రి. చర్చి వెనక గదిలో బీరువాల నిండా మిషన్ వాళ్ళ వార్షిక నివేదికలు, ముట్టుకుంటే అప్పడాల్లా విరిగిపోయే వార్తాపత్రికలు, చెక్కపెట్టెల్లో గాజుపలకల మీద తీసిన ఫొటోలు ఉండేవి. వాటన్నిటినీ స్కాన్ చేసి, ప్రతిదాని కిందా వివరాలు రాసి హైదరాబాదులో ఉన్న మా సారుకి పంపాలి. ఆ వివరాలనే ఆయన మెటాడేటా అనేవారు. ఫోనెత్తితే చాలు ఆ మాటే కనక నేను ఆయన్ని మెటాడేటా సారు అనుకునేవాణ్ణి. నివేదికలు చదువుతుంటే పొద్దే తెలిసేది కాదు. ఏటేటా ఒక్కో దొరగారు ఎండ గురించి, దోమల గురించి, మావాళ్ళు ప్రార్థనకి ఆలస్యంగా రావడం గురించి వాపోయేవారు. దోమలూ ఆలస్యమూ ఇప్పటికీ అలాగే ఉన్నాయని అడుగున ఒక ముక్క రాయాలనిపించేది గానీ దానికి ఫారంలో గడి లేదు.

చిక్కంతా గాజుపలకలతో వచ్చింది. పలకకి ఒకవైపు నున్నటి గాజు, రెండోవైపు మందు పూత. బొమ్మంతా ఆ పూతలోనే ఉంటుంది. స్కానరు మీద దాన్ని ఏ వైపు పెట్టాలో విశాఖపట్నంలో జరిగిన ఒక్కరోజు ట్రైనింగులో సారు చెప్పే ఉంటారు. అది బిర్యానీ భోజనం తర్వాత క్లాసు. అందుకని ఇంటికొచ్చాక నేను సొంత బుర్ర వాడాను. జిరాక్సు మిషను మీద కాగితాన్ని అక్షరాలు కిందికి ఉండేలా బోర్లా పెడతాం కదా, ఇదీ అంతే అనుకుని పూత వైపు కిందికి పెట్టి పెట్టెల్లో ఉన్న పలకలన్నీ స్కాన్ చేసి పారేశాను. బొమ్మలు బ్రహ్మాండంగా వచ్చాయి. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది, అంతే. ఆ సంగతి నాకు తెలియడానికి మూడు నెలలు పైనే పట్టింది.

వాటిలో ఒక ఫొటో ఉంది. ఆసుపత్రి వరండాలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. మధ్యలో దొరసాని డాక్టరమ్మ, ఆమెకి అటు నలుగురు, ఇటు నలుగురు మన నర్సమ్మలు. ఆ ఏటి నివేదికలో ఎడమ నుంచి కుడికి వాళ్ళ పేర్లన్నీ వరసగా అచ్చువేసి ఉన్నాయి. (ఎటునుంచి లెక్కపెట్టినా డాక్టరమ్మ మధ్యలోనే ఉంటుంది. నా కొంప ముంచింది ఆవిడే.) పేర్లు ఎక్కించబోతూ చూస్తే నర్సమ్మలందరికీ పైట కుడి భుజం మీద ఉంది. వేరేవాడైతే ఇదేమిటి చెప్మా అనుకునేవాడు. నేను ఎమ్మే చదివినవాణ్ణి కనక, "ఆ కాలంలో ఈ ప్రాంతపు స్త్రీలు కుడి భుజం మీద పైట వేసుకునేవారు" అని రాశాను. డాక్టరమ్మ ఎడమ చేత్తో కలం పట్టుకుని ఉంది. "ఆమెది ఎడమచేతి వాటం" అని రాశాను. వెనక గోడకి ఉన్న చిన్న బోర్డు మీద గుండ్రటి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి గానీ నాకు చదవరాలేదు. నాకు చదవరాని గుండ్రటి అక్షరాలంటే మా వైపు ఒరియానే కదా! "బోర్డు ఒరియాలో ఉంది" అని రాశాను. సారు మెచ్చుకుని, మీ పరిశీలన చాలా లోతుగా ఉందన్నారు.

పేర్ల వరసలో కుడి చివరినుంచి రెండోది మా తాతమ్మ, అంటే మా నాన్నగారి నాయనమ్మ. ఆవిడ ఫొటో మా ఇంట్లో అంతవరకు ఒక్కటీ లేదు. బొమ్మలో ఆ చోట ఉన్నది బక్కపల్చటి అమ్మాయి, తల కొంచెం వంచుకుని ఉంది. ఇచ్ఛాపురం నుంచి మా మేనత్త పనిగట్టుకుని వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని చూసి, "ముక్కు సూడండెహె, ముక్కు! అచ్చం మన ముక్కే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ అద్దంలో చూసుకున్నాను. నిజంగానే నా ముక్కు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం.

ఎడమనుంచి రెండో పేరు నర్సు మామ్మ వాళ్ళ అమ్మది. నర్సు మామ్మ అంటే అదే ఆసుపత్రిలో పుట్టి, అందులోనే నర్సుగా చేసి రిటైరైన ఎనభయ్యేళ్ళ మనిషి. చర్చిలో మూడో బెంచీ ఆవిడది. ప్రసంగం మరీ సాగితే మూడుసార్లు దగ్గుతుంది, మూడో దగ్గుకి పాస్టరుగారు ఆమెన్ అనేస్తారు. అలాంటి మనిషికి తల్లి ముఖం తెలియదు. మామ్మ పుట్టిన కొద్దిరోజులకే ఆవిడ పోయింది. మామ్మని మిషన్ హాస్టల్ పెంచింది. నేను వరస ఫొటో పెద్దది చేయించి, అందులో తల్లి ముఖాన్ని విడిగా ఇంకా పెద్దది చేయించి, గుర్తింపు కార్డు సర్దుకుని మామ్మ ఇంటికి తీసుకెళ్ళాను. నిండైన విగ్రహం, చల్లటి చూపు. మామ్మ ఆ ఫొటోని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళింది.

"ఈవిడేనేట్రా మాయమ్మ?"

"అవును మామ్మా. పుస్తకంలో పేరుంది. ఎడమనుంచి రెండు."

"ఎంత నిండుగా ఉన్నాదిరా! నాను హాస్టల్లో గంజి తాగి ఇలగ పుల్లలా అయిపోనాను గానీ, ఈవిడ సూడు!" అని నవ్వి, ఆ నవ్వు పూర్తికాకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ క్షణంలో నాకు నేనే దేవదూతలా కనిపించాను.

వారం తర్వాత వెళితే ఫొటో మామ్మ మంచానికి ఎదురుగా గోడ మీద ఉంది. "ఒరే, పరలోకానికెల్తే మాయమ్మ కనపడతాది గదా," అంది. "నన్ను వదిలీసినప్పుడు నాను ఇరవై రోజుల గుంటని. ఇప్పుడీ ముసల్దాన్ని ఆవిడెలగ గుర్తుపడతాది? నానే గుర్తుపట్టాల. అందుకని పొద్దున్నే ప్రార్దన సేసుకుని ఈ మొకాన్ని బట్టీ పడతన్నాను. మద్దిలో కట్టం సుకం కూడా సెప్పుకుంటన్నాను." ఆ నెల రిపోర్టులో "సమాజంపై ప్రాజెక్టు ప్రభావం" అనే గడిలో ఈ సంగతంతా రాసి పంపాను.

అయితే మామ్మ కళ్ళు ఎనభయ్యేళ్ళవైనా నర్సు కళ్ళు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పట్టుకుంది. "ఏరా, వరండా మెట్లు రోడ్డేపు గదా ఉండాల? ఆ పెద్ద ఫొటోలో ఉప్పుమడులేపు ఉన్నాయేటి?"

"అప్పట్లో అటే ఉండేవేమో మామ్మా. తర్వాత మార్చి ఉంటారు," అన్నాను చరిత్రకారుడి గొంతుతో.

"మార్చినారా? ఎప్పుడు మార్చినారు, నాను నిద్దరోతన్నప్పుడా? నలభయ్యేళ్ళు ఆ మెట్లెక్కినానురా!"

పెద్దవాళ్ళకి మతిమరుపు సహజం అనుకుని, "మెట్లను తర్వాతి కాలంలో మరోవైపుకి మార్చినట్లు తెలుస్తోంది" అని నాలుగో వివరం కూడా ఎక్కించాను. (తెలుస్తోంది అని రాస్తే ఎవరికి తెలుస్తోందో చెప్పనక్కర్లేదు. ఎమ్మేలో నేను బాగా నేర్చుకున్నది ఇదొక్కటే.)

ఇంతలో సారు ఆ ఒరియా బోర్డు మీద ఏముందో చదివించి పంపమన్నారు. మా మేనత్త కొడుకు, నాకు బావ, ఇచ్ఛాపురంలో పెరిగినవాడు కనక ఒరియా గలగలా చదువుతాడు. ఏదో పనిమీద ఊళ్ళోకొచ్చి సెలూన్లో గడ్డం గీయించుకుంటున్నాడని తెలిసి, ఫొటో పట్టుకుని అక్కడికే వెళ్ళాను. బావ మొహం నిండా నురుగుతో ఫొటో అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఒరియా కాదెహె. అసలిది ఏ బాసా కాదు," అని అద్దం మీది ట్యూబులైటు వెలుతురు పడేలా ఫొటోని అటు తిప్పి పైకెత్తాడు. ఎదురుగా గోడంతా అద్దం. ఆ అద్దంలో నాకు బోర్డు కనిపించింది. శుభ్రంగా తెలుగులో "స్త్రీల వార్డు" అని ఉంది.

"ఏట్రా, దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు?" అన్నాడు బావ. ఆ అద్దంలో పైటలన్నీ ఎడమ భుజాల మీదికి వచ్చేశాయి, డాక్టరమ్మ కలం కుడిచేతికి మారింది, మెట్లు మామ్మ చెప్పినట్టే రోడ్డువైపు ఉన్నాయి. నా నాలుగు పరిశోధనలూ గడ్డం నురుగులో కలిసిపోయాయి. అన్నిటికీ చివర, ఇటునుంచి రెండో మనిషి అటునుంచి రెండో చోటికి వెళ్ళిపోయింది. అంటే మా హాల్లో ఉన్న మా ముక్కు నర్సు మామ్మ వాళ్ళ అమ్మది. మామ్మ రెండు నెలలుగా బట్టీ పడుతున్నది మా తాతమ్మని.

బొమ్మని సరిచెయ్యడం పెద్ద పని కాదు, ఒక్క నొక్కు నొక్కితే తిరగబడుతుంది. మామ్మకి చెప్పడానికి మాత్రం కాళ్ళు రాలేదు. రెండు ఆదివారాలు చర్చిలో వెనక బెంచీలో కూర్చుని ఆమెన్ వినపడకముందే పారిపోయాను. మూడో ఆదివారం ప్రసంగం ఎంతకీ అవ్వలేదు. తల ఎత్తి చూస్తే మూడో బెంచీ ఖాళీ. మామ్మకి జ్వరం, మంచం దిగడం లేదన్నారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఈ మనిషి ఇప్పుడు పోతే నేరుగా వెళ్ళి మా తాతమ్మని కౌగలించుకుంటుంది. కన్నతల్లి పక్కనే నిలబడి చూస్తూ ఉంటుంది. పరలోకంలో ఏం జరుగుతుందో నాకు తెలియదు గానీ, ఆ తప్పు నాదని మాత్రం తెలుసు. ఆ సాయంత్రమే ఇంట్లో గోడమీది ఫ్రేము తీసి, గుర్తింపు కార్డు గుమ్మంలో తగిలించి, మామ్మ దగ్గరకి వెళ్ళాను.

దిండుకి ఆనుకుని కూర్చుని అంతా విన్నది. గాజుపలక, పూత, జిరాక్సు, సెలూను అన్నీ చెప్పాను.

"అయితే ఇన్నాళ్ళూ నాను మాటాడింది మీ తాతమ్మతోనేటి?"

"అవును మామ్మా."

"నా మోకాల్నొప్పుల సంగతి, కోడలి సంగతి, అన్నీ ఆవిడికే సెప్పినానేటి?"

"అవును."

"ఏటనుకున్నాదో మహాతల్లి!" అని చెయ్యి చాపింది. నేను ఫ్రేము ఇచ్చాను. తల వంచుకున్న ఆ బక్కపల్చటి అమ్మాయిని మామ్మ చూసింది. చూస్తూనే ఉంది. వేలితో ఆ పిల్ల చెంప మీద గాజుని రాసింది.

"ఇది గుంటరా," అంది మెల్లగా. "ఇరవయ్యేళ్ళుండవు. నా మనవరాలికన్నా సిన్నది." ఫ్రేముని ఒళ్ళోకి తీసుకుంది. "మాయమ్మ నన్ను ఎత్తుకుంటాదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ పిల్లని నానే ఎత్తుకోవాల."

నేను ఏడ్చేశాను. దాచుకోవడానికేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను. మామ్మే నన్ను ఓదార్చింది. ముక్కు తుడుచుకుని, గోడ మీదున్న మా తాతమ్మని తీయబోతే కసిరింది. "ఎందుకు తీస్తావు? ఉండనీ. నా గుట్టంతా తెలిసిన మనిసిని ఇప్పుడు బయటికెలగ పంపుతాను?" తర్వాత నావైపు చూసి, "పైకెల్లినాక ఆవిడ కనపడితే సెప్తాన్లే. నీ మునిమనవడు తిక్కలోడు, పొరపాటున నన్ను నీకు అప్పజెప్పినాడు, కోప్పడకు అని," అంది.

జ్వరం తగ్గి మామ్మ మూడో బెంచీకి తిరిగొచ్చింది. మామ్మ దగ్గరున్న మా తాతమ్మ ఫొటోకి ఇంకొక కాపీ తీయించి మా హాల్లో పెడితే, మేనత్త మళ్ళీ ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఆ నిండు ముఖాన్ని చూసి, "నాను ముందే అనుకున్నాను. ఇదీ మన ముక్కంటే!" అంది. నేను అద్దంలో చూసుకోలేదు.

సారుకి తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. బొమ్మ వెంటనే తిప్పేశారు. కింది వివరాలు మార్చాలంటే మాత్రం సవరణ ఫారం నింపాలట, కమిటీ చూడాలట. నింపాను. ఆ మధ్య ఎవరో పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి, కుడి పైట ఆచారం గురించి ఇంకా ఆధారాలున్నాయా అని ఎంతో గౌరవంగా అడిగింది. ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే తొమ్మిదిమందిలో చీర కట్టిన ఎనిమిదిమందికీ పైట ఎడమ భుజం మీదే ఉంటుంది, కింద కుడి భుజం అనే ఉంటుంది. మెడలో కార్డు వేసుకుని ఆ వాక్యం రాసిన కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడంత నమ్మకంగా నేను ఇప్పుడు నా పేరు కూడా రాయలేను.

మామ్మ పోయి కొన్నేళ్ళయింది. తల వంచుకున్న ఆ అమ్మాయి ఫొటోని సమాధి పెట్టెలో మామ్మ చేతికింద పెట్టి పంపాం. నా సవరణ ఫారం కమిటీ దగ్గర ఇంకా పరిశీలనలో ఉంది. మామ్మ చేత పంపిన సవరణ మాత్రం మా తాతమ్మకి ఈపాటికి అందే ఉంటుంది.