కత్తిరింపుల రోజున వచ్చిన అక్క

పూలతోట గేటు పక్కన విచారణ గది ఉంది. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు నిలబడాల్సినంత గది. ఒక కిటికీ, ఒక ఫోను, గోడమీద తోట పటం. అందులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను తోటలో అందరూ విచారణ మేడమ్ అంటారు. రోజుకు ఇంచుమించు నలభై మంది ఆవిడను ఒకటే ప్రశ్న అడుగుతారు: "తోట చూడటానికి ఎప్పుడొస్తే బాగుంటుందండీ?"

దీనికి తోటవాళ్ళు అచ్చువేయించిన కరపత్రంలో జవాబు ఉంది. గులాబీలు విరగబూసే మూడు వారాలు. ఆ ముక్క చెప్పి ఫోను పెట్టేస్తే ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ మాత్రం "ఎవరెవరొస్తున్నారు? ఏం చూడాలని?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. చిన్నపిల్లలతో వస్తామంటే పచ్చిక కోయకముందు రమ్మంటుంది, పడ్డా దెబ్బ తగలదని. ఫోటోలు తీసేవాళ్ళను పొగమంచు వారంలో గేటు తెరిచేసరికల్లా ఉండమంటుంది. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు. వాళ్ళకు ముసురు పట్టిన మంగళవారం. "పూలేం ఉండవు గానీ, బెంచీలన్నీ ఖాళీయే," అని భరోసా ఇస్తుంది. పువ్వుల్ని చూస్తే మనసు నిర్మలమవుతుందనే కబుర్లు ఆవిడ దగ్గర చెల్లవు. గంటసేపు పువ్వుల్ని చూసొచ్చి, బండి తీసే దగ్గర కాలర్లు పట్టుకున్నవాళ్ళు ఎంతమందో ఆ కిటికీకి తెలుసు.

ఇంత నేర్పున్న మనిషికీ సొంత అక్క దగ్గర మాత్రం గురి తప్పింది.

అక్క దర్జీ. బస్టాండు వెనక వీధిలో రెండు మిషన్లు, ఒక కోత బల్ల ఉన్న దుకాణం ఆమెది. చెల్లెలి కంటే పదేళ్ళు పెద్ద. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగితే, "మా చెల్లా? పూల దగ్గర కూర్చుంటుంది," అంటుంది. పనిచేస్తుంది అని పద్దెనిమిదేళ్ళలో ఒక్కనాడూ అనలేదు. తోట ఒక్కసారి సరిగ్గా చూపిస్తే అక్క నోట ఆ మాట మారుతుందని చెల్లెలి ఆశ. ఆశ అంటే మెత్తగా ఉంది, పంతం అనాలి.

మొదటిసారి విరగబూసిన ఆదివారం రమ్మంది. అక్కకు జనం వీపులే కనిపించాయి. "పూల సంగతేమోగానీ, ఊళ్ళో ఎవరి చొక్కాకి వెనక కుట్టు వంకరో మొత్తం తెలిసిపోయింది," అని చెప్పి వెళ్ళింది. రెండోసారి జనం ఉండని రోజు చూసి పిలిచింది. ముందురోజు వాన దంచికొట్టింది. రెక్కలన్నీ బురదలో ఉన్నాయి. అక్క చెప్పులు దులుపుకుంటూ, "ఇంకోసారి ఇలా అయిందంటే నీ తోటకో దణ్ణమే తల్లీ," అంది. అక్క ఉత్తినే అనే మనిషి కాదు. పక్కింటి కాఫీ బాగాలేదని ఒకసారి అని, పదకొండేళ్ళు ఆ గడప తొక్కలేదు.

అందుకని మూడోసారి చెల్లెలు పకడ్బందీగా దిగింది. గులాబీలు కత్తిరించే కత్తెరాయనను పట్టుకుని లెక్క అడిగింది. కత్తిరించిన ఏభయ్యో రోజుకి పూత నిండుగా ఉంటుందని ఆయన అన్నాడు. ఏభయ్యో రోజు బుధవారం. పొద్దున పదింటికి రమ్మని అక్కకు ఫోనులో చెప్పింది.

కత్తిరింపులు మొదలైన మూడోరోజే అక్క గేటు దగ్గర ప్రత్యక్షమైంది.

"ఏంటక్కా, ఇవాళొచ్చావ్!"

"దుకాణంలో కరెంటు తీగలు మారుస్తున్నారు. ఊరికే కూర్చుంటే నాకు ఒళ్ళు నొప్పులే. పద, చూపించు."

లోపల ఎటు చూసినా మోకాలెత్తు మోడులే. "ముందు టీ తాగుదాం," అంది చెల్లెలు. తాగారు. "ఎండగా ఉంది కదా," అంది. "మబ్బు పట్టిందే, నీ కళ్ళకేమైంది?" అంది అక్క. ఈలోగా ఫోను మోగింది. ఎవరో తాతగారు చక్రాల కుర్చీలో వస్తారట, ఏ దారి మేలని. ఆయనకు దారి చెప్పి తలెత్తేసరికి కుర్చీలో అక్క లేదు.

పక్క టిక్కెట్ల కౌంటరు అమ్మాయిని ఫోను చూడమని బతిమాలి చెల్లెలు పరుగెత్తింది. గులాబీ మడుల దగ్గర అక్క నేలమీద గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా కత్తెరాయన. ఇద్దరి మధ్యా కోసిన కొమ్మల కుప్ప.

"ఏటవాలుగా ఎందుకు కోస్తున్నావన్నా? తిన్నగా కోస్తే తొందరగా అవుతుందిగా?"

"తిన్నగా కోస్తే నీళ్ళు నిలబడి కొమ్మ కుళ్ళుతుందమ్మా. ఇదిగో, ఈ కన్ను చూశారా, చిగురొచ్చే చోటు? ఇది బయటికి చూస్తుంటే దాని పైన కోస్తాం. కొమ్మ బయటికి పోతుంది. లోపలికి చూసేదాని మీద కోశామంటే చెట్టంతా చిక్కు."

"అంటే కోసేటప్పుడే ముందు ఎలా నిలబడుతుందో తెలియాలి."

"తెలియాలి."

"గుడ్డకీ అంతే. మెడపట్టీ ఐమూలగా కోయకపోతే ఒంటికి ఒదగదు. మా దగ్గర పనికి చేరినవాళ్ళకి రెండేళ్ళు పడుతుంది ఇది బుర్రకెక్కడానికి."

"మావాళ్ళకి మూడు."

అక్క చెయ్యి చాచింది. ఆయన ఒక్కక్షణం ఆలోచించి కత్తెర ఇచ్చాడు. ఆమె పదును బొటనవేలితో చూసి, "ఒకవైపు అరిగింది, సాన పట్టించు," అని చెప్పి, చూపించిన కన్ను పైన టక్కున కోసింది. కత్తెరాయన వంగి చూశాడు. "ఇంకోటి కోయండి," అన్నాడు. ఆయన ఇంతకు మించి మెచ్చుకోవడం ఆ తోటలో ఎవరూ ఎరగరు.

చెల్లెలు అక్కడే నిలబడిపోయింది. ఊళ్ళోవాళ్ళందరినీ "ఏం చూడాలని?" అని అడిగే తాను, అక్కను మాత్రం ఎన్నడూ అడగలేదు. తన తోట గొప్పదనిపించుకోవాలన్న యావలో కరపత్రంలోని మూడు వారాలే ఆమె నెత్తిన రుద్దింది. సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది.

మధ్యాహ్నం దాటాక అక్క చేతులు కడుక్కుని విచారణ గదిలోకి వచ్చింది. వేలికి రెండు ముళ్ళు గీరుకున్నాయి.

"నన్ను ఏభయ్యో రోజు రమ్మన్నావేమే? చూడాల్సిందంతా ఇవాళే ఉందిగా?"

"నీకేది ఇష్టమో అడగలేదక్కా. తప్పు నాదే."

"అడిగినా నేను పూలనే అనేదాన్ని. తోటకొచ్చి ఎవరైనా కట్టెపుల్లలు చూస్తామంటారా?" అని అక్క నవ్వింది. కుర్చీ లాక్కుని, ఫోన్లు వస్తుంటే చెల్లెలు చెప్పే జవాబులు వింటూ కూర్చుంది. గంటలో తొమ్మిది ఫోన్లు. ఒకరికి చెప్పిన జవాబు చెల్లెలు ఇంకొకరికి చెప్పలేదు. అక్క చెవి అటే ఉంది.

సాయంత్రం చెల్లెలు మళ్ళీ టీ తేవడానికి వెళ్ళింది. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి లోపల ఫోను మోగుతోంది. అక్క తీసింది.

"ఆఁ, పూలతోటే... ఎప్పుడు రావాలా? ఎవరెవరొస్తున్నారు?... మీ అమ్మగారా? ఆమెకి పెద్దగా కళ్ళు కనబడవా?... ఆఁ, వాసన తెలుస్తుందా?"

అక్క తడబడి పటం వైపు చూసింది. అందులో దారులే ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆగండి. మేడమ్ వస్తున్నారు. ఇలాంటివి ఆవిడకే తెలుస్తాయి," అంది అక్క.

చెల్లెలు చేతిలోని కప్పుల్ని కిటికీ గట్టున పెట్టి ఫోను అందుకుంది.