దాచుకున్న రెండు మోపులు

గోదావరి పెరుగుతోందని మొన్న ఫోన్లకు హెచ్చరిక రాగానే మా కోడలు గ్యాసూ, ఇన్వర్టరూ సరిచూసుకుని, మంచినీళ్ల డబ్బాలు పైఅంతస్తుకి చేర్పించి నిశ్చింతగా కూర్చుంది. వీధిలో అందరూ అదే చేశారు, ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. తప్పేమీ లేదు గాని, నాకు మాత్రం పాత వరద ఒకటి గుర్తొచ్చింది.

కొత్తపేట దగ్గరి లంకలో నేను కాపురానికి వచ్చిన రోజుల్లో మా వరుసలోవన్నీ పెంకుటిళ్లే, పక్కింటి పెద్దమ్మగారిది ఒక్కటే ఎత్తు పునాదుల డాబా. మన తరం వాళ్లకు చెప్పక్కర్లేదు, వరదొస్తే అందరం అక్కడికే చేరేవాళ్లం, అందుకని వానలు ముదరకముందే ఇంటింటి నుంచీ ఎండు కొబ్బరి మట్టలూ, పీచు డొక్కలూ, సరుగుడు పుల్లలూ సగం తీసి ఆవిడ అటక మీదికి ఎక్కించడం ఆచారం, ఎవరెంత ఇచ్చారని ఆవిడ చూసేవారు కూడా కాదు. నేను కొత్త కోడల్ని, పైగా మహా గడుసుదాన్నని నా నమ్మకం. ఊరందరికీ మేమెందుకు పెట్టాలని, అత్తగారి కళ్లుగప్పి రెండు మోపుల పుల్లలు మా వంటింటి అటక మీదే దాచేశాను.

ఆ ఏడు వరద నాలుగు రోజులు తియ్యలేదు. ఎదురింటి కోడలికి పురుడై వారమైనా కాలేదు, చంటిపిల్లతో మా అందరితోపాటు ఆ డాబాలోనే ఉంది. ఈదురుగాలికి పిల్ల ఒళ్లు చల్లబడుతుంటే పొయ్యిలో నిప్పులు కుంపటికెత్తి, గుడ్డలు కాచి కప్పేవాళ్లం. మూడోరోజు పొద్దున్నకి అటక ఖాళీ అయింది. పంచలో పడున్న డొక్కలు తడిసి పొగే తప్ప మంట లేదు, పిల్ల ఏడుపు సన్నగిల్లింది. అయినా నేను మధ్యాహ్నం దాకా నోరు మెదపలేదు, అది తల్చుకుంటే ఈ రోజుకీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చివరికి ఉండబట్టలేక పెద్దమ్మగారి చెవిలో చెప్పాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అందరికీ వినపడేలా, "మా అమ్మాయి ముందుచూపుతో రెండు మోపులు విడిగా ఉంచిందంటండీ, ఎవరన్నా వెళ్లి తెచ్చెయ్యండి" అన్నారు. మావారూ, ఎదురింటాయనా నడుంలోతు నీళ్లలో పడి వెళ్లి నెత్తిన పెట్టుకుని తెచ్చారు. పొయ్యి రాజుకుంది, సాయంత్రానికి పిల్ల పాలు తాగింది. ఎదురింటి కోడలు నా రెండు చేతులూ కళ్లకద్దుకుంటే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పెద్దమ్మగారు పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటేడు నుంచీ నేను మోపులు మోసుకెళ్తుంటే మాత్రం, ఇంట్లోకి ఉంచుకున్నావా అని అడిగేవారు.

ఇప్పుడెవరి జాగ్రత్త వారిది. నాలాంటి కొత్త కోడలు ఈ వీధిలో ఉన్నా, దాచుకున్నందుకు సిగ్గుపడే అవసరం ఆమెకు రాదు. అలా సిగ్గుపడ్డ మనిషిని పదిమందిలో కాపాడి మళ్లీ తమలో కలుపుకునే అవకాశం కూడా, పాపం, ఎవరికీ రాదు.