గోధుమరంగు సగం

నేను కణితులు పరీక్షించే డాక్టర్ని. శంషాబాద్‌లో మా ల్యాబ్ మీదుగానే విమానాలు దిగుతాయి. అవి పోయేదాకా ఫోన్‌లో మాట ఆపడం మాకు అలవాటు. రోగుల ముఖాలు నాకు కనబడవు, ముక్కలే వస్తాయి.

ఆ రోజు కొత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన పెద్దపేగులోంచి కోసి తీసిన గడ్డ ల్యాబ్‌కు వచ్చింది. ఆపరేషన్‌కు ముందు పైపైన గిల్లి తీసిన ముక్కను చూసి, మామూలు పేగు క్యాన్సర్ అని వేరే ల్యాబ్‌వాళ్లు రాశారు. తప్పు రాయలేదు, ఆ గిల్లుడుకు అందింది అదే. నేను గడ్డను కోసి, మైనంలో బిగించి, సన్నటి పొరలు తీసి చూశాను. పైభాగంలో కణాలు ఉంగరాలు కట్టి, అనుకున్నట్టే ఉన్నాయి. అడుగున ఒక మూల మాత్రం ఉంగరాల్లేవు, కణాలు గుంపులుగా బిగుసుకుని ఉన్నాయి. నాకు మనసొప్పలేదు. గడ్డను నిల్వ ఉంచిన ఫార్మలిన్ డబ్బా మళ్లీ తెరిచి ఇంకొన్ని ముక్కలు కోశాను. రిపోర్టు ఆలస్యమవుతోందని సర్జన్ ఫోన్ చేసి, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎగతాళి చేశాడు. కత్తి నా చేతిలోనే ఉంది కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

ప్రత్యేకమైన రంగు వేసి చూద్దును కదా, గుంపులు కట్టిన అడుగు సగం గోధుమరంగుకు తిరిగింది, ఉంగరాలున్న పై సగం నీలంగానే ఉండిపోయింది. ఒకే గడ్డలో రెండు రకాల క్యాన్సర్లు! మధ్యలో ఎర్రనేల, నల్లరేగడి కలిసేచోటు లాంటి హద్దు. పుస్తకాల్లో చదవడమే తప్ప ఎన్నడూ చూడలేదు. ఆ స్లయిడును మళ్లీ మళ్లీ చూసుకున్నాను. పేగు పక్కనున్న లింఫ్ గ్రంథిలోకి పాకింది కూడా ఆ గోధుమరంగుదే. రెండిటికీ మందులు వేరు. మొదటి రిపోర్టుతోనే సరిపెట్టుకుంటే, ఇంట్లో కూర్చున్నదానికి మందు పోసి, ఊరు దాటినదాన్ని వదిలేసేవాళ్లం.

రిపోర్టు కోసం ఆయన భార్య వచ్చింది. మందు మారుతుందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. డాక్టర్లు పూటకో మాట చెబుతారని కోపం. అందుకే మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి ఆ హద్దు చూపించాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

"గింత సక్కగున్నది గదా అక్కా," అంది మెల్లగా. "గిదేనా మా ఆయనను తినవట్టింది?"

అప్పటిదాకా దాన్ని చూసి మురిసిపోతున్నదాన్ని నేను. తలూపాను. ఆమె కన్ను తీసి, తడిసిన అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"ఇగ గా మందే మొదలువెట్టుండ్రి," అంది.