సంతకం పెట్టలేకపోయిన ఆదివారం

జూలై రెండో ఆదివారం, బూర్గంపాడు లూథరన్ గుడి. హాజరు: పాస్టరు అయ్యగారు, సంఘ పెద్దలం నలుగురం, సంఘస్థులు నలభై ఒక్కరు, ప్రభు భోజనానికి సిద్ధమయ్యే కన్ఫర్మేషన్ తరగతి పిల్లలు ఐదుగురు. ఆలస్యంగా వచ్చినవారు ఏడుగురు.

ప్రసంగం జరుగుతుండగానే ఇదంతా డైరీలో రాశాను. ఆరాధన కాగానే ఆ తరగతి అమ్మాయి ఒకతె అయ్యగారి ప్రసంగం విని రాసుకున్న నోట్సు తెచ్చింది. సరిగ్గా రాసిందని నేను సంతకం పెడితేనే వచ్చే ఆదివారం ఆమెకు మొదటిసారి ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. చదివాను. సరో కాదో తెలియలేదు.

"ఏంది తాతా, తప్పు రాసిన్నా?"

"నేనే వినలే బిడ్డా. ఎవరెవరు వచ్చిన్రో రాసుకుంట కూసున్న."

"గట్లయితే నువ్వే మా క్లాసుకు రా! ముందు బెంచీల కూసో."

మర్నాడు పొద్దున్నే నోట్సు పట్టుకుని అయ్యగారింటికి వెళ్లాను. ఆయన చదివి నవ్వారు.

"నేను చెప్పినదానికంటే బాగుంది. పెట్టున్రి సంతకం."

పెట్టాను.