బోల్టు ఇస్తేనే పాన్‌కేక్

మా ఆల్డర్ ఫాల్స్‌లో అందరూ చెప్పుకునే మాట ఇది. అర్మాండీన్ పెల్కీ మార్చి నెలలో రాజధానికి వెళ్లి, చట్టసభ కమిటీ ముందు నిలబడి, సంచిలోంచి గుప్పెడు తుపాకి బోల్టులు తీసి బల్ల మీద ధన్‌మని కొట్టిందట. "దమ్ముంటే తీసుకెళ్లండి చూద్దాం" అందట. బిల్లు పెట్టిన సెనేటరమ్మ కళ్లు తిరిగి పడిపోయిందట. బిల్లును అక్కడికక్కడే చింపేశారట. మంగలి షాపులో చెప్పేటప్పుడు ఈ కథలోకి పోలీసులు కూడా వస్తారు. పెట్రోలు బంకు దగ్గర చెప్పేటప్పుడు ఆమె ఏకంగా బల్ల ఎక్కుతుంది. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్లు సరిగా వంగవు.

ఆ రోజు నేను ఆమె వెనక కుర్చీలోనే ఉన్నాను. ఏం జరిగిందని నన్నెవరూ అడగలేదు. అడిగినా నలుగురిలో నాకు మాట పెగలదు.

అర్మాండీన్‌ను ఊరంతా మెమేర్ అంటారు. ఆమె పుట్టింటివాళ్ల ఫ్రెంచిలో నాయనమ్మ అని. చర్చి హాలు వంటిల్లు ఆమెది. నేను స్కూలు మధ్యలో మానేసినప్పటి నుంచి అక్కడ ఆమె పక్కన పిండి కలుపుతున్నాను. నవంబరులో జింకల వేట మొదలయ్యే రోజు, ఇంకా తెల్లవారకముందే, వేటగాళ్లందరికీ హాల్లో పాన్‌కేకులు, బీన్స్, పంది మాంసం వడ్డిస్తాం. ట్రక్కుల తలుపులకు సరిగా తాళాలు పడవు కాబట్టి తుపాకులు కూడా లోపలికే వస్తాయి, కోట్లు తగిలించే గదిలో గోడకు ఆనుకుని నిలబడతాయి.

నేను పుట్టకముందు ఒక ఏడు, అలా ఆనించిన తుపాకి ఒకటి జారిపడి పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు గాని బీన్స్ కుండ బద్దలైంది. బీన్స్ పైకప్పు దాకా ఎగిరాయి. మరుసటి ఏడు నుంచి మెమేర్ గుంటలు గుంటలుగా ఉండే మఫిన్ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టింది. తుపాకి వెనక భాగంలో, తలుపు గడియలా ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు ముక్కే బోల్టు. అది తీసేస్తే తుపాకి ఉత్త కర్ర. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి బోల్టు. ముందు తన బోల్టు వేసి, తర్వాత మిగతావాళ్లవి అడుగుతుంది. బోల్టు ఊడిరాని పాత తుపాకులకు అంట్లగుడ్డ దూర్చి ముడి వేస్తుంది. "బోల్టు ఇస్తేనే పాన్‌కేక్." ఇంతే నియమం. తినడం అయ్యాక ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తుంది.

లిండన్ టిబెట్స్ మా జిల్లా తుపాకిదారుల సంఘానికి అధ్యక్షుడు. తుపాకుల మీద ప్రభుత్వం ఏ నియమం పెట్టినా పడదు అతనికి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. నవంబరులో ఆ వరసలో అందరికన్నా ముందు నిలబడి బోల్టు పళ్లెంలో వేసేది కూడా అతనే.

ఫిబ్రవరిలో ఒక శనివారం హాల్లో భోజనాలప్పుడు లిండన్ కొత్త బిల్లు చదివి వినిపించాడు. తుపాకి గాని, దాన్ని పనిచేయించే భాగం గాని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారితే, ఇద్దరూ లైసెన్సున్న తుపాకుల దుకాణానికి వెళ్లి, తీసుకునేవాళ్ల మీద కేసులేమైనా ఉన్నాయేమో తనిఖీ చేయించుకోవాలి.

"అంటే నీ పళ్లెం నేరమే, మెమేర్" అన్నాడు లిండన్.

"నా పళ్లెమా?"

"ఒక్కో గుంటా ఒక్కో నేరం. నిన్ను జైల్లో పెడతారు."

"అక్కడ వంట ఎవరు చేస్తారో!"

అందరూ నవ్వారు. చర్చి పెద్దలు మాత్రం నవ్వలేదు. ఈ బిల్లు ఇలాగే నెగ్గితే వేటగాళ్ల ఫలహారం ఆపేస్తామన్నారు. బోల్టులు తీసుకోకుండా వడ్డించడానికి మెమేర్ ఒప్పుకోదు, తీసుకుంటే చట్టం ఒప్పుకోదు. ఆ రాత్రి ఆమె తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. అలా ఎప్పుడూ చేయదు.

విచారణ రోజు సంఘం బస్సు పెట్టింది. లిండన్ అందరికీ నారింజ రంగు టోపీలు పంచాడు. మెమేర్ తన చర్చి టోపీ తీయకుండా దానిమీదే ఇది పెట్టుకుంది. ఒళ్లో డోనట్ల సంచి. "నోట్లో మాట రాకపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా, పిల్లా" అంది నాతో.

కమిటీ గది బయట పేర్లు రాసుకుంటున్నారు. అనుకూలం, వ్యతిరేకం, రెండూ కాదు అని మూడు వరసలు. మెమేర్ కళ్లజోడు సర్దుకుని మూడోదాంట్లో పేరు రాసింది. లిండన్ ముఖం ఎర్రబడింది.

"మెమేర్! తప్పు వరసలో రాశావు."

"సరైన వరసే."

"మనమంతా వ్యతిరేకం కదా!"

"నువ్వు వ్యతిరేకం, నాయనా. నేను ఫలహారం కోసం వచ్చాను."

"టోపీ పెట్టుకున్నావుగా!"

"చలిగా ఉందని పెట్టుకున్నా. కావాలంటే తీసుకో."

అతను తీసుకోలేదు. రెండూ కాదన్నవాళ్లను అందరికన్నా చివర పిలుస్తారు. అనుకూలంగా ఉన్నవాళ్లు మాట్లాడారు. ఒకావిడ తుపాకికి బలైన తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చింది, నారింజ టోపీలు కూడా తలలు దించుకున్నాయి. తర్వాత వ్యతిరేకులు మాట్లాడారు. లిండన్ బాగా మాట్లాడాడు, బల్ల మాత్రం ఎక్కువసార్లు గుద్దాడు. మెమేర్ వంతు వచ్చేసరికి చాలామంది లేచి వెళ్లిపోయారు. మా బస్సువాళ్లు మాత్రం ఆమె కోసం ఆగి ఉన్నారు, విసుక్కుంటూ, ఆమె డోనట్లే తింటూ.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. టైము అయిపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. మెమేర్ మొదట కుర్చీ ఎత్తు బాగాలేదంది. తర్వాత బీన్స్ కుండ కథ ఎత్తుకుంది. ఆ కథ చెప్పడం ఆమెకు మహా ఇష్టం. కుండలో ఏ రకం బీన్స్ ఉన్నాయో చెప్పింది. అందులో బెల్లం పాకం ఎంత పోసిందో చెప్పింది. పైకప్పు మీద మరక ఇంకా ఏ మూల ఉందో చెప్పింది. చివరికి కథలో పళ్లెం దాకా వచ్చి, "ఇంతకీ నేను అడగడానికి వచ్చిందేమిటంటే..." అనేసరికి ఎర్ర దీపం వెలిగింది.

లిండన్ టోపీతో ముఖం కప్పుకున్నాడు. మెమేర్ మెడ మీద చెమట పట్టడం వెనకనుంచి నాకు కనిపిస్తోంది. లేవడానికి బల్ల అంచు పట్టుకుంది. ఈ నవంబరులో వేట రోజు వంటింట్లో పొయ్యి వెలగదని అప్పుడే అనుకున్నాను.

"ఉండండి, పెల్కీగారూ" అంది సెనేటర్ హాస్కెల్. ఆ బిల్లు పెట్టింది ఆవిడే. "మీ టైము అయిపోయినా, కమిటీ సభ్యురాలిగా నేనొక ప్రశ్న అడగొచ్చు. ఇంతకీ మమ్మల్ని ఏం చేయమంటారు?"

మెమేర్ మళ్లీ కూర్చుంది. "నా పళ్లెం నాకు ఉంచండమ్మా. వాళ్లు నాకు ఇచ్చేది అమ్మడానికీ కాదు, కొనడానికీ కాదు. తిన్నంతసేపు ఒకళ్లనొకళ్లు కాల్చుకోకుండా ఉండటానికి."

"వీళ్లందరూ మీ మాట వింటారా?"

మెమేర్ వెనక్కి తిరిగింది. "లిండన్, లే."

లిండన్ లేచాడు.

"నీ బోల్టు ఎవరికిస్తావు?"

"నీకే, మెమేర్."

"ఎందుకిస్తావు?"

గదంతా అతన్నే చూస్తోంది. టోపీ రెండు చేతులా నలిపాడు. "ఇవ్వకపోతే... పాన్‌కేక్ పెట్టవు కదా."

అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకేసారి నవ్వారు. ఇందాక ఏడ్చినావిడ కూడా నవ్వింది. సెనేటర్ హాస్కెల్ నవ్వు ఆపుకుంటూ కమిటీ అధ్యక్షుడి వైపు తిరిగి, "అధ్యక్షులవారూ, ఈ రాష్ట్రంలో ఇంతకన్నా కఠినమైన తుపాకి చట్టం నాకు తెలీదు" అంది. తర్వాత కలం తీసి, భద్రం కోసం ఇచ్చి అదే పూట వెనక్కి తీసుకుంటే ఈ నియమం వర్తించదని ఒక వాక్యం రాసి కమిటీ ముందు పెట్టింది. ఆ వాక్యానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. లిండన్ సంఘం కూడా చెప్పలేదు. మిగతా బిల్లు మీద మాత్రం అందరూ మళ్లీ గట్టిగా పోట్లాడుకున్నారు.

బస్సులో లిండన్ మెమేర్ పక్కన వచ్చి కూర్చున్నాడు. "నా పరువు తీశావు, మెమేర్."

"కడుపు నింపుతున్నా కదా."

"రెండూ ఒకే చేత్తో చేస్తావు!" అని అతనే నవ్వేశాడు. వెనక సీట్లోవాళ్లు అప్పటికే కథ పెంచుతున్నారు. సగం దారి దాటేసరికి బోల్టులు వచ్చాయి. మా ఊరు చేరేసరికి సెనేటరమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. మెమేర్ నిద్రపోతోంది, టోపీ మీద టోపీతో.

ఆ బిల్లును ఎవరూ చింపలేదు. జూన్‌లో అది నెగ్గింది, మెమేర్ పళ్లెం కోసం రాసిన ఆ వాక్యంతో సహా.